జోసెఫ్ పిలాటీస్: ముళ్ళకంచె లోపల పెరిగిన వ్యాయామం

ఆరేళ్ళ క్రితం మేము ఇల్లు కొనుక్కుని సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పీటల మీద కూర్చుని నాలుగు కథలు బాగానే విన్నాను. అయిదో కథ పూర్తయి, హారతికి లేవమని పంతులుగారు అనేసరికి లేవలేకపోయాను. నడుము పట్టేసింది. నేను వేళాకోళం ఆడుతున్నానని మా ఆవిడ అనుకుంది. చివరికి ఇద్దరు మిత్రులు చెరో రెక్కా పట్టుకుని లేపి సోఫాలో కూలేశారు. హారతి నా దగ్గరికే వచ్చింది. భోజనాలకొచ్చిన వాళ్ళు వెళ్తూ వెళ్తూ తలా ఒక వైద్యం చెప్పి మరీ వెళ్ళారు.

స్కానింగు తీయిస్తే నడుము దగ్గర రెండు పూసల మధ్య డిస్కు కొంచెం ఉబ్బిందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజికల్ థెరపీ చాలన్నారు. అక్కడ నన్ను పడుకోబెట్టిన బల్ల మామూలు బల్ల కాదు. చెక్క చట్రంలో చక్రాల మీద ముందుకీ వెనక్కీ జరిగే పలక, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగులు, పాదాలు ఆనించడానికి ఒక కడ్డీ. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడి, ఇరవై ఏళ్ళుగా కుర్చీ దిగలేదు. అయినా పాత బుద్ధి పోక, పడుకునే ముందు ఆ బల్ల కిందికి వంగి చూడబోయాను. సగంలోనే నడుము వద్దంది.

ఆ బల్ల పేరు రిఫార్మర్ అనీ, ఆ పద్ధతి పేరు పిలాటీస్ అనీ థెరపిస్టు చెప్పింది. అప్పటిదాకా పిలాటీస్ అంటే, మా ఆఫీసు పక్క గాజు తలుపుల వెనక సన్నటి అమ్మాయిలు చేసే ఖరీదైన వ్యవహారమనే నా అభిప్రాయం. అది ఒక మనిషి ఇంటిపేరని తెలియదు. ఆ మనిషి ఒకప్పుడు బాక్సింగ్ చేసిన జర్మన్ అనీ, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్ వాళ్ళ నిర్బంధ శిబిరంలో నాలుగేళ్ళకు పైగా గడిపాడనీ అసలే తెలియదు. నడుంనొప్పితో రాత్రిళ్ళు నిద్రపట్టక ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ నిద్రలేని రాత్రుల ఫలమే.

జోసెఫ్ పిలాటీస్ 1883 డిసెంబరు 9న జర్మనీలోని మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ అనే బట్టల మిల్లుల ఊళ్ళో పుట్టాడు. తండ్రి లోహపు పని చేసేవాడు, వ్యాయామం మీద మోజున్నవాడు. పిల్లవాడు మాత్రం రోగిష్టి. ఉబ్బసం, ఎముకలు వంకర పోయే రికెట్స్, దానికి తోడు రుమాటిక్ జ్వరం. ఊపిరి మనకు అడక్కుండానే అందుతుంది కాబట్టి దాని సంగతి మనం పట్టించుకోం. ఉబ్బసం ఉన్న పిల్లవాడు ప్రతి ఊపిరినీ లెక్కపెట్టుకుంటాడు. ఈయన తర్వాత తయారుచేసిన ప్రతి వ్యాయామంలోనూ కదలిక కంటే ముందు శ్వాస ఎందుకు వస్తుందో తెలియాలంటే ఆ పిల్లవాణ్ణి గుర్తుపెట్టుకోవాలి.

అది దేహదారుఢ్యం మీద లోకమంతా వెర్రెత్తిన కాలం. జర్మనీ నుంచి బయల్దేరిన శాండో అనే బలశాలి దేశదేశాలూ తిరిగి ప్రదర్శనలిస్తున్నాడు, ఇండియా కూడా వెళ్ళాడు. మన కోడి రామమూర్తి నాయుడు గారూ దాదాపు ఆ వయసు వారే. రోగిష్టి జోసెఫ్ కూడా జిమ్నాస్టిక్స్, బాక్సింగ్, కుస్తీ, ఈత, ఏది దొరికితే అది పట్టి సాధన చేశాడు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి శరీరశాస్త్రం పటాలు గీసేవాళ్ళకు నమూనాగా నిలబడేంత కండ పెంచాడని చెబుతారు. ఆయన బాల్యం గురించి మనకు తెలిసిన వాటిలో చాలా భాగం ఆయన నోటివెంట వచ్చినవే. ఆయనకు తన కథ తాను బాగా చెప్పుకునే అలవాటుంది. అందుకని ఇలాంటి చోట్ల నేను చెబుతారనే రాస్తాను, మీరూ ఆ మాటని గమనిస్తూ చదవండి.

1912 ప్రాంతంలో ఇంగ్లండు వెళ్ళాడు. బాక్సింగ్ చేశాడు, సర్కస్‌లో చేశాడు, ఆత్మరక్షణ విద్య నేర్పాడు. పొట్టకూటికి వచ్చిన పరాయి దేశస్థుడు చేయగలిగినవన్నీ చేశాడనుకోండి. 1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. నిన్నటిదాకా సర్కస్‌లో చప్పట్లు కొట్టించుకున్నవాడు ఒక్క రోజులో శత్రుదేశ పౌరుడైపోయాడు. నేరం లేదు, విచారణ లేదు. పాస్‌పోర్టు చాలు. వీసా కాగితాల మీద బతుకు వేలాడిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆయన కష్టంతో మన కష్టాన్ని పోల్చను గానీ, ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు తెలియకుండానే కొంచెం సర్దుకుని కూర్చున్నాను.

మొదట లాంకాస్టర్‌లోని శిబిరంలో ఉంచారు. 1915లో ఐరిష్ సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి, నాకలో అనే శిబిరానికి మార్చారు. పొలాల మధ్య చెక్క గుడిసెల వరసలు, వాటిని ముక్కలు ముక్కలుగా విడదీసే ముళ్ళకంచెలు, ఇరవై వేలకు పైగా మగవాళ్ళు. మంగళ్ళు, వంటవాళ్ళు, ఓడ పనివాళ్ళు, గుమాస్తాలు. చేయడానికి పని లేదు, విడుదల ఎప్పుడో తెలియదు. ఏళ్ళ తరబడి అలా ఉన్న మనుషులకు మతిమరుపు, చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదలయ్యేవి. ఒక స్విస్ వైద్యుడు దానిమీద పుస్తకమే రాసి ముళ్ళకంచె జబ్బు అని పేరు పెట్టాడు.

ఆ గుడిసెల మధ్య జోసెఫ్ తన తోటివాళ్ళను నేలమీద పడుకోబెట్టి వ్యాయామం నేర్పాడు. బరువులు లేవు, పరికరాలు లేవు. ఉన్నదల్లా మనిషి పడుకుంటే పట్టేంత నేల, తన ఒంటి బరువు, ఊపిరి. నేటికీ పిలాటీస్‌లో మ్యాట్ మీద చేసే వ్యాయామాలన్నీ ఒక చాప వెడల్పులో ఇమిడిపోతాయి. చోటు లేని మనుషుల కోసం పుట్టిన విద్య కాబట్టే చోటు అడగదని నా ఊహ. అక్కడి పిల్లులు ఒళ్ళు విరుచుకోవడం గంటల తరబడి చూసి కొన్ని కదలికలు నేర్చుకున్నాడని కూడా చెబుతారు. ఆ దీవి పిల్లులకు తోకలుండవు, ప్రత్యేక జాతి. తోక లేని పిల్లి నడుము ఎంత పని చేస్తుందో బహుశా ఇంకా స్పష్టంగా కనిపించేదేమో!

అంతకంటే పెద్ద కథ మంచాల గురించి. శిబిరంలో లేవలేని రోగుల మంచాలకు స్ప్రింగులు కట్టి, పడుకున్న చోటే కాళ్ళూ చేతులూ కదిపేలా చేశాడట. తర్వాతి కాలపు రిఫార్మర్‌కీ, పందిరిమంచంలా ఉండే కాడిలాక్ అనే పరికరానికీ అదే మూలమట. ఆ రెండు పరికరాలనీ చూసిన వాళ్ళకి ఇది నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అవి నిజంగానే మంచాల్లా ఉంటాయి. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో ఆయన శిష్యులు ఒక్కరు కూడా చనిపోలేదన్న కథ మాత్రం నేను నమ్మను. దానికి లెక్కలెక్కడా కనపడవు. మంచి పని చేసిన మనిషికి మహిమలు అంటగట్టడం మనకొక్కళ్ళకే ఉన్న అలవాటు కాదని మాత్రం తెలిసింది.

స్ప్రింగు దగ్గర కాసేపు ఆగుతాను, ఇది నా సొంత సబ్జెక్టు. అయిదు కిలోల డంబెల్ ఎత్తినా దించినా అయిదు కిలోలే. స్ప్రింగు అలా కాదు. హుక్ సూత్రం ఇంటర్‌లోనే చదువుకున్నాం, ఎంత సాగదీస్తే అంత ఎదురు లాగుతుంది. కదలిక మొదట్లో, కండరం ఇంకా సిద్ధంగా లేనప్పుడు, తేలిగ్గా ఉంటుంది. చివరికి వెళ్ళేకొద్దీ బరువెక్కుతుంది. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఉంది. వదిలేస్తే పలక ఢామ్మని వెనక్కి వచ్చి కొట్టుకుంటుంది. మొదటి రోజు నేను అలా నాలుగుసార్లు కొట్టించాను, పక్క గదిలోంచి ఒకాయన తొంగి చూశాడు కూడా. చప్పుడు కాకుండా వెనక్కి తేవాలంటే కండరం సాగుతూనే పని చేయాలి. ఇంకో సుగుణం, అదే స్ప్రింగు బలహీనుడికి ఆసరాగా కూడా పనికొస్తుంది, కాలు బరువును తను మోస్తుంది. మంచం పట్టినవాడికీ, బాక్సర్‌కీ ఒకే యంత్రం. కాలేజీలో ఇలాంటి డిజైన్ చూపించి ఉంటే నేను మెకానికల్ వదిలేవాణ్ణి కాదేమో.

1919లో విడుదలై జర్మనీ తిరిగి వెళ్ళాడు. హాంబర్గ్‌లో పోలీసులకు శిక్షణ ఇచ్చాడు, పరికరాలకు పేటెంట్లు తీసుకున్నాడు. 1926లో అమెరికా ఓడ ఎక్కాడు. అప్పటికి ఆయన వయసు 42. మనం ఇరవైల్లో, చేతిలో ఉద్యోగం కాగితం పెట్టుకుని వచ్చాం. ఆయన జుట్టు నెరిసే వయసులో, సొంతంగా కనిపెట్టిన ఒక బల్ల డిజైన్ని నమ్ముకుని వచ్చాడు. ఆ ఓడలోనే క్లారా పరిచయమైంది. ఆమెకు కీళ్ళనొప్పులుండేవనీ, ప్రయాణంలోనే ఆయన వైద్యం మొదలుపెట్టాడనీ అంటారు. మిగిలిన నలభై ఏళ్ళూ ఇద్దరూ కలిసే బతికారు, కలిసే పనిచేశారు.

న్యూయార్క్‌లో ఎయిత్ ఎవెన్యూ మీద 939 నంబరు భవనంలో వ్యాయామశాల తెరిచారు. 1927లో ఆయన పరికరానికి అమెరికన్ పేటెంటు వచ్చింది. ఆ చుట్టుపక్కల నాట్యశాలలు ఎక్కువ. మోకాలు బెణికిన, చీలమండ దెబ్బతిన్న డాన్సర్లు మెట్లెక్కి రావడం మొదలుపెట్టారు. బాలే గురువు జార్జ్ బాలంచీన్, ఆధునిక నాట్యంలో మార్తా గ్రహామ్ తమ వాళ్ళను ఇక్కడికే పంపేవారు. వేసవుల్లో మసాచుసెట్స్ కొండల్లో టెడ్ షాన్ నడిపే జేకబ్స్ పిల్లో నాట్య కేంద్రానికి వెళ్ళి నేర్పేవాడు. పాఠం చెప్పేటప్పుడు ఒంటిమీద చిన్న లాగు తప్ప మరేమీ ఉండేది కాదు. కోపిష్టి అనీ, చెప్పింది చెప్పినట్టు చేయకపోతే అరిచేవాడనీ శిష్యులంతా ఒప్పుకుంటారు. ఓపికగా, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి మార్చి నేర్పింది క్లారా. ఇద్దరిలో ఆమే మంచి గురువని చెప్పిన శిష్యులు చాలామంది ఉన్నారు. పేరు మాత్రం ఆయనదే మిగిలింది.

తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1945లో దాని మీద చిన్న పుస్తకం తెచ్చాడు. అందులో 34 వ్యాయామాలు, ఫొటోల్లో చేసి చూపించింది అరవై దాటిన ఆయనే. మొదటిది వంద. వెల్లకిలా పడుకుని, తల, భుజాలు కొంచెం ఎత్తి, కాళ్ళు చాచి ఎత్తి, చేతులు ఒంటి పక్కన పైకీ కిందికీ ఆడించాలి. అయిదు లెక్కలు ఊపిరి లోపలికి, అయిదు లెక్కలు బయటికి. అలా పదిసార్లయితే వంద. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, ముప్ఫై దాటేసరికి పొట్ట వణుకుతుంది. రెండోది రోల్ అప్. పడుకున్న చోటు నుంచి ఊపు లేకుండా, నేల మీది దండని ఒక కొస పట్టుకుని ఎత్తితే పూసలు వరసగా లేచినట్టు, వెన్నుపూసలు ఒక్కొక్కటే లేపుతూ కూర్చోవాలి. మళ్ళీ అలాగే ఒక్కొక్కటే దించాలి.

కిటుకంతా నడుములో ఉంది. పొట్ట కండరాల్లో అన్నిటికంటే లోపలి పొర ఒకటి వడ్డాణంలా నడుము చుట్టూ తిరిగి ఉంటుంది. బొడ్డుని వెన్ను వైపు లాక్కున్నట్టు చేస్తే అది బిగుస్తుంది. ముందు దాన్ని బిగించి, ఊపిరితో పాటు కాలో చెయ్యో కదపాలి. లెక్క ఎక్కువ ఉండదు, చాలా వ్యాయామాలు ఆరేడు సార్లకు మించవు. మన తాలింఖానాల్లో వందల కొద్దీ తీసే దండీలు, బస్కీలతో పోలిస్తే ఇది పిసినారి లెక్క. తప్పుగా ఇరవై చేసేకంటే సరిగ్గా అయిదు చేయడం మేలని ఆయన నమ్మకం. యోగాసనానికి దగ్గరగానే కనిపిస్తుంది గానీ, ఆసనంలో నిలుస్తాం, ఇందులో ఆగకుండా కదులుతాం.

ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు. పెద్దవాళ్ళ వెన్ను కూడా పసిపిల్లల వెన్నులా తిన్నగా, చదునుగా ఉండాలని వాదించాడు. అది తప్పు. నడుము దగ్గర ఉండే సహజమైన వంపు మనల్ని మోయడానికే ఉంది, ఇప్పటి థెరపిస్టులు ఆ వంపు పోకుండానే నేర్పుతారు. నాకు మొదటి కొన్ని నెలలు రోల్ అప్ జోలికి వెళ్ళనివ్వలేదు, ఉబ్బిన డిస్కుతో ముందుకు అంత వంగకూడదని. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళకు కూడా ఇలా ముందుకు వంగేవి మంచివి కావు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల చేత చేయించాలనుకునేవారు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టకండి.

లాభాల సంగతీ నిజాయితీగా చెప్పాలి. 2015లో కాక్రేన్ సంస్థ తరఫున పది పరీక్షల ఫలితాలను కలిపి చూశారు. నడుంనొప్పికి ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే పిలాటీస్ మేలన్నారు. మిగతా వ్యాయామాలకంటే గొప్పదనడానికి మాత్రం గట్టి ఆధారం లేదన్నారు. బరువు తగ్గడానికి దీన్ని నమ్ముకోవద్దు, దానికి నడక, తిండి తగ్గించడమే. నాకు ఒరిగిందేమిటంటే, నడుము ఎప్పుడు అదుపు తప్పుతోందో ముందే తెలుస్తోంది. కారు డిక్కీలోంచి సూట్‌కేసు తీసేటప్పుడు ముందు ఊపిరి, తర్వాత వడ్డాణం, తర్వాత సూట్‌కేసు.

జోసెఫ్‌కు జీవితాంతం ఉన్న బాధ ఒకటే, డాక్టర్లు తనను పట్టించుకోలేదని. ఈవ్ జెంట్రీ అనే డాన్సర్ ఆయన దగ్గర చాలాకాలం నేర్చుకుని, నేర్పిన మనిషి. రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు కూడా తీసేశారు. చెయ్యి ఎత్తలేని స్థితిలో ఆయన దగ్గరికి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆమె మొత్తం వ్యాయామాలు చేయగలిగింది. డాక్టర్లు నమ్మాలని ఆయన ఫిల్ము తీయించాడు. అయినా వాళ్ళు నమ్మలేదు, అలాంటి ఆపరేషన్ అయిన మనిషి అలా కదలడం అసాధ్యమన్నారు. సర్కస్ నుంచి వచ్చినవాడు, డిగ్రీ లేనివాడు, యాస ఉన్నవాడు, పైగా నోటి దురుసు. ఆయన మాట ఎవరు వింటారు? రుజువులు పద్ధతిగా రాసి పెట్టకపోవడం ఆయన తప్పూ కొంత ఉంది. కానీ ఆ ఫిల్ము ముందు కూర్చుని కూడా తల అడ్డంగా ఊపినవాళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆయన చుట్టలు కాల్చేవాడు. ఊపిరితిత్తుల్లో మూలమూలలా ఉన్న చెడుగాలిని బయటికి పిండాలని నలభై ఏళ్ళు అందరికీ నేర్పిన మనిషి, ఆ అలవాటు మానలేదు. 1967 అక్టోబరు 9న న్యూయార్క్‌లో ఎంఫసీమాతో, అంటే ఊపిరితిత్తులు దెబ్బతిని, తన 83వ ఏట పోయాడు. ఉబ్బసంతో మొదలైన బతుకు ఊపిరి అందకే ముగిసింది. ఈ ముక్క మొదటిసారి చదివిన రాత్రి నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మా పెదనాన్నగారు ఊళ్ళో అందరికీ పథ్యం చెప్పే ఆయుర్వేద వైద్యులు, ఆయన చేతిలోనూ ఎప్పుడూ చుట్ట ఉండేది.

వీలునామా లేదు, వారసుణ్ణి ప్రకటించలేదు. క్లారా కొన్నేళ్ళు వ్యాయామశాలను నడిపి 1977లో కన్నుమూసింది. 1941లో దెబ్బతిన్న చీలమండతో వచ్చిన రొమానా క్రిజనౌస్కా అనే డాన్సర్ తర్వాత ఆ శాల బాధ్యత తీసుకుంది. రాన్ ఫ్లెచర్ అనే మరో డాన్సర్ 1970ల మొదట్లో లాస్ ఏంజెలెస్ వైపు స్టూడియో పెట్టాక సినిమా తారలు రావడం, పిలాటీస్‌కు ఇప్పుడున్న తళుకు అంటుకోవడం జరిగాయి. ఆ పేరు తమ సొంతమని ఒకరు కోర్టుకెక్కితే, 2000 అక్టోబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అది యోగా, కరాటేల్లాగే ఒక వ్యాయామ పద్ధతి పేరు, ఎవరి సొత్తూ కాదని తీర్పు చెప్పింది. ఆయన కంట్రాలజీ అనే పేరు పెట్టుకుంటే లోకం ఆయన ఇంటిపేరే పెట్టింది, కోర్టు ఆ ఇంటిపేరుని అందరికీ పంచింది. ఈనాడు అదే వ్యాయామాలు చేయించమని చీటీ రాసి పంపేది డాక్టర్లే. నన్నూ అలాగే పంపారు.

ఈ సభలకు పది పన్నెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమాలకు మళ్ళీ నాలుగు గంటలు కుర్చీలోనే. మీకు డిస్కు గొడవలు, ఎముకల గొడవలు లేకపోతే, రేపు పొద్దున్న హోటల్ గదిలో రెండు మంచాల మధ్య తువ్వాలు పరుచుకుని వంద ప్రయత్నించండి. ఆ కాస్త చోటు చాలు. మొదట్లో కాళ్ళు చాచక్కర్లేదు, మోకాళ్ళు మడిచి ఉంచుకోవచ్చు. మెడ నొప్పెడితే తల కింద పెట్టేయండి. నలభై దగ్గర ఊపిరి తప్పితే అక్కడే ఆపేయండి. నేను మొదటి రోజు ముప్ఫై అయిదు దగ్గర ఆపాను.